ఎంచింది ఒకరు, ఎక్కింది ఒకరు

ఆసుపత్రిలో ఆమెను అందరూ తాళాలక్క అనేవారు. అలాగని నడుముకి తాళాల గుత్తేమీ లేదు. వార్డుల్లో నర్సులు వాడే ట్యాబులు, డాక్టర్ల ఫోన్లు, రిసెప్షన్‌లో కంప్యూటర్లు, అన్నిటినీ తన బల్ల దగ్గర కూర్చునే తెరవగలదు, మూయగలదు. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళూ, ట్యాబు పోగొట్టుకున్నవాళ్ళూ ముందు ఆమెకే ఫోను చేస్తారు. డివైస్ అడ్మినిస్ట్రేటర్ అన్న అసలు హోదా తలుపు మీద బోర్డులో తప్ప ఎవరి నోటా వినపడేది కాదు.

ఏటా వానలు వెనకబట్టే వేళకి, ఆమె శాఖని నడిపే పెద్దసారు ఆమె బల్ల దగ్గరకి వచ్చి నిలబడేవాడు. "అమ్మా, వచ్చే ఏడు మనం ఏ సదస్సులకి వెళ్తే మంచిదో కాస్త చూసిపెట్టు" అనేవాడు. ఆ "మనం" అన్న మాటని ఆమె చాలాకాలం నమ్మింది. ఏది సరుకు అమ్ముకునేవాళ్ళ సంతో, ఏది పని తెలిసినవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే చోటో ఓపిగ్గా ఆరా తీసేది. అన్నం తింటూ పాత ప్రసంగాల వీడియోలు చూసేది. వెళ్ళొచ్చినవాళ్ళకి ఫోన్లు చేసి, "నిజం చెప్పండి, ఏమైనా నేర్చుకున్నారా, సంచులు మోసుకొచ్చారా?" అని అడిగేది. తీరా అంతా తేలాక పెద్దసారు పెట్టె సర్దుకుని వెళ్ళేవాడు. ఒకసారి అక్కణ్ణుంచి ఆమెకో నీళ్ళ సీసా తెచ్చిచ్చాడు. దాని మూత కారేది.

సొమ్మొకడిది సోకొకడిది అనుకుని అన్నాళ్ళూ ఊరుకుంది. ఈసారి అలా ఊరుకునే పరిస్థితి లేదు. అంతకుముందు ఒక ఉదయం ఆమె పంపిన అప్‌డేట్ వికటించి వార్డుల్లోని ట్యాబులన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. ఏ రోగికి ఏ మందివ్వాలో వాటిలోనే ఉంటుంది. నర్సులు మందుల గదికీ వార్డులకీ మధ్య పరుగులు పెట్టారు. రోగుల బంధువులు కేకలేశారు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. మధ్యాహ్నానికి ఆమె అన్నీ తెరిపించింది కానీ, ఆ పూట ఒక నర్సు మెట్ల మీద కూర్చుని ఏడవడం చూసింది. ఆ ఏడుపు ఆమెని వదల్లేదు. పంపేముందు తన గదిలో ఉంచుకున్న విడి ట్యాబుల మీద పరీక్షించే పంపింది. అక్కడ బాగున్నది ఇక్కడెందుకు చెడింది?

అందుకే ఈసారి పేరున్న సదస్సులన్నీ పక్కన పెట్టి ఒక చిన్నదాన్ని పట్టుకుంది. ఆసుపత్రుల్లో తనలాంటి ఉద్యోగం చేసేవాళ్ళు మాత్రమే వచ్చేది. కొట్లుండవు, కానుకల సంచులుండవు. ఎవరి దగ్గర ఏది ఎలా చెడిందో చెప్పుకుంటారు. అప్‌డేట్‌ని అన్ని వార్డులకీ ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా ఎలా పంపాలో దగ్గరుండి చేయించే తరగతి కూడా ఉంది.

"ఇదొక్కటి చాలు సార్. దీనికి నేను వెళ్తాను" అంది.

"భేష్! మంచిది పట్టావు" అన్నాడు పెద్దసారు.

వారం తిరక్కుండానే ప్రయాణాలు చూసే గుమాస్తా ఆమెకి ఫోను చేసింది. "తాళాలక్కా, సదస్సు జరిగే చోటి అడ్రసు పంపు. పెద్దసారుకీ చిన్నసారుకీ దగ్గర్లో హోటలు చూడాలి."

"మరి నాకు?"

"నీ పేరు లేదే!"

చిన్నసారంటే పెద్దసారుకి కుడిభుజం. కొనుగోళ్ళూ కాంట్రాక్టులూ చూస్తాడు. ట్యాబుని చార్జింగుకి పెట్టడం తప్ప దానితో అతనికి వేరే పొత్తు లేదు. ఆమె ఫోను పెట్టేసి నేరుగా పెద్దసారు గదిలోకి వెళ్ళింది.

"నేను వెళ్తానన్నాను కదా సార్?"

"అన్నావమ్మా. కానీ నువ్వు లేకపోతే ఇక్కడ ఏ ట్యాబు ఆగినా దిక్కెవరు? పైగా అది పైస్థాయి వాళ్ళు కలిసే చోటు. నీకు ఇంట్లో పెద్దావిడ కూడా ఉన్నారు. నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని నేనే ఆలోచించాను."

నవ్వుతూ, ఏదో ఉపకారం చేసినవాడిలా చెప్పాడు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. బయటికొచ్చి నడవాలో కిటికీ పట్టుకుని నిలబడింది. అనాల్సిన మాటలన్నీ అప్పుడొచ్చాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ.

ఇంటికి వెళ్ళి చెబితే భర్త, "పోనీలే, వచ్చే ఏడు వెళ్దువులే" అన్నాడు. ఆమె చూసిన చూపుకి గిన్నెలు కడగడానికి లేచాడు. అత్తగారు మాత్రం చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టింది.

"ఇంట్లో పెద్దావిడంటే నేనేనా?"

"మీరే అత్తయ్యా."

"నేనేమన్నా మంచాన పడ్డానా? పొద్దున్నే మెట్లెక్కి మూడో అంతస్తులో బట్టలారేసి వచ్చేది ఎవరు, వాడా? నన్ను చూసింది లేదు, నాతో మాట్లాడింది లేదు, నా పేరు అడ్డం పెట్టుకుని నిన్ను ఆపుతాడా? పద, రేపు నేనే వచ్చి అడుగుతాను."

"వద్దత్తయ్యా. నా గొడవ నేనే పడతాను."

"పడు. కానీ నా పేరు మాత్రం వాడి నోట్లోంచి బయటికి లాగు."

ఆ వారం శాఖాధిపతుల సమావేశంలో ట్యాబుల సంగతి చెప్పడానికి ఆమెని పిలిచారు. ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టరమ్మ నడిపే సమావేశం అది. చెప్పాల్సింది చెప్పేశాక ఆమె కూర్చోలేదు.

"మేడమ్, ఇంకొక్క మాట. నేను లేకపోతే ఆసుపత్రి ఆగిపోతుందని పెద్దసారు నన్ను సదస్సుకి వద్దన్నారు. నా స్థాయికి అది ఎక్కువనీ అన్నారు. రెంటిలో ఏదో ఒకటి చెప్పమనండి. అంత అవసరమైన మనిషినైతే నేర్చుకోవడానికి పంపాలి. అంత చిన్న మనిషినైతే నేను లేకపోయినా ఏమీ ఆగదు." అక్కడితో ఆపలేదు. "ఏటా వెతికేది నేను, వెళ్ళేది వారు. ట్యాబులు బిగుసుకుపోయిన రోజు తిట్లు తిన్నది నేను. ఇంకో మాట, మా అత్తయ్య చెప్పమన్నారు. ఆవిడ పేరు చెప్పి ఎవరి ప్రయాణాలూ ఆపొద్దట."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దసారు మొహం కందగడ్డ అయింది. "ఇలాంటివి మన గదిలో మాట్లాడుకోవాలమ్మా" అన్నాడు.

"మాట్లాడాను సార్. మీరు నవ్వారు."

డాక్టరమ్మ చిన్నసారు వైపు తిరిగింది. "మీరెందుకు వెళ్తున్నారు?"

హఠాత్తుగా అడిగేసరికి అతను తడబడ్డాడు. "అంటే మేడమ్... ఆ ఊళ్ళో మా బావమరిది ఉన్నాడు. ఎలాగూ వస్తున్నావు కదా, మా ఇంట్లో దిగమన్నాడు."

గదంతా గొల్లుమంది. తాళాలక్క మాత్రం నవ్వలేదు. బావమరిదిని చూడ్డానికని తన సీటు ఇచ్చేశారన్న మాట చెవిన పడ్డాక నవ్వెలా వస్తుంది?

హెడ్ నర్సు లేచింది. "ఆ రోజు వార్డులో మేం పడ్డ పాట్లు మీకు తెలుసు మేడమ్. ఈమె వెళ్తే మాకు మేలు."

"ఈమె వెళ్తుంది. ఆ రెండు టికెట్లూ రద్దు చేయండి" అంది డాక్టరమ్మ.

తాళాలక్క వెళ్ళింది. అది చిన్న హాలు, కుర్చీలు కిర్రుమనేవి. అక్కడ ఒక నెరిసిన జుట్టాయన తన ఆసుపత్రి ఫోన్లలో ఉన్నదంతా ఒకేసారి ఎలా చెరిగిపోయిందో చెబుతుంటే, పక్కనున్న ఆమె, "మా దగ్గరా అంతే అయింది!" అంటూ మోకాలు చరుచుకుంది. తన సంగతి చెప్పినప్పుడు ఎవరూ "అయ్యో" అనలేదు. ఎక్కడ జరిగింది, ఏ వార్డు ముందు ఆగింది, విడి ట్యాబులకీ వార్డు ట్యాబులకీ ఒకే నెట్‌వర్కేనా అని గుచ్చి గుచ్చి అడిగారు. కాదని, ఆ తేడా వల్లే చెడిందని ఆమెకి అప్పుడే తట్టింది.

తిరిగొచ్చాక ఇకనుంచి అప్‌డేట్ ముందు ఒక్క వార్డుకే వెళ్ళేలా మార్చింది. ఆ సంగతి చెప్పమని మళ్ళీ సమావేశానికి పిలిచారు. ఆమె ముగించగానే పెద్దసారు అందుకున్నాడు. "మా శాఖలో ఆడవాళ్ళని ప్రోత్సహించాలని నేనే ఈసారి ఈమెని పంపించాను."

ఆమె అప్పటికే సగం కూర్చుంది. మళ్ళీ లేచింది.

"మీరు పంపలేదు సార్. నేను అడిగి వెళ్ళాను. వచ్చే ఏడు ఏ సదస్సుకి వెళ్ళాలో ఎవరికివారే వెతుక్కుంటే మంచిది. నాది నేను చూసుకుంటాను."

ఎవరూ నవ్వలేదు ఈసారి. పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ తర్వాతి విషయానికి వెళ్ళిపోయింది. తాళాలక్క బయటికొచ్చి గబగబా మెట్లు దిగింది. కోపం ఇంకా చల్లారలేదు. పంపించాడట, పంపించాడు!