మొరం కింద ఆకుమన్ను

ఫిబ్రవరి 18, మంగళవారం, ఉదయం పదీ నలభై. మద్దిగుంపు ఊరి చివర జంపయ్య చెలకలో తవ్విన గుంటలో మొరం పైన ఉంది, ఆకుమన్ను అడుగున ఉంది.

ఉండాల్సింది అలా కాదు. గంటన్నర ముందు, చెలక గట్టుకు అరవై అడుగుల అవతల, అడవిలో తవ్వించిన గుంటను భాను కొలిచి రాసుకుంది. పైన రెండు వేళ్ల మందం రాలిన ఆకు. దాని కింద పన్నెండు సెంటీమీటర్ల దాకా ఆకు కుళ్లి కలిసిన మన్ను, నిండా వేళ్లు. అక్కడి నుంచి నలభై ఐదు దాకా మొరం. పిడికెడు తీస్తే సగానికి పైగా కంకర. ఆ కింద ఎర్ర బంకమన్ను, అందులోనూ కంకర. మీటరు దాటాక పుచ్చిన రాయి. ప్రతి పొర నుంచీ చెంచాడు మన్ను నీళ్లలో కలిపి చేతి మీటరు ముంచింది. ఏడు చూపిస్తే నేల మధ్యరకం. అంతకు తగ్గేకొద్దీ పులుపు. ఆకుమన్ను 5.1 చూపింది, మొరం 5.2, బంక 5.4. ఈ అడవి నేలంతా పులుపే.

భాను పన్నెండేళ్లుగా మట్టి పరీక్షల ల్యాబులో పనిచేస్తోంది. ఇల్లు ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో. మద్దిగుంపుకు ఆమెను పంపింది ఒక్క ప్రశ్నకు జవాబు కోసం. జంపయ్య నాలుగెకరాల పోడుకు పట్టా అడిగాడు. దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది, ఇది ఆఖరి అప్పీలు. ఈమధ్య నరికిన అడవి అని అటవీ శాఖ సెక్షన్ వాళ్లు అంటున్నారు. తన తండ్రి దున్నిన చెలక అని జంపయ్య అంటున్నాడు. ఏళ్ల తరబడి దున్నిన నేలలో నాగలి దిగినంత లోతు మన్ను ఒకే తీరుగా కలిసిపోతుంది. నాగలి మొన ఆగిన చోట గట్టి పొర కడుతుంది. ఆ పొర ఉందో లేదో భాను రాయాలి. గుంటను ఎవరైనా చెడగొట్టారని రాస్తే ఫైలు మూసేస్తారు. ఆ తర్వాత ఇంకో అప్పీలు లేదు.

గుంట ఎక్కడ తవ్వాలో సోమవారం సాయంత్రం నాలుగింటికే మేకు పాతి, చుట్టూ సున్నం చల్లి వెళ్లింది. అదే ఇప్పుడు చిక్కయింది.

"చూశారా మేడమ్? మేకు పాతింది నిన్న. ఇవాళ్టికి భూమి తిరగబడింది" అన్నాడు సెక్షన్ ఆఫీసరు బసవపున్నయ్య, గుంట అంచున గొంతుక్కూర్చుని. మధిర వైపు మనిషి, ఈ సెక్షన్‌కు వచ్చి రెండేళ్లు. "దున్నినట్టు కనపడాలని తవ్వి కలిపారండీ. తొందర్లో పైది కిందికి, కిందిది పైకి పడింది. అబద్ధం ఆడటానికైనా పనితనం ఉండాలి."

భాను గుంటలోకి వంగి చూసింది. "తవ్విన మన్నే ఇది" అంది.

"ఆ మాటే రాయండి."

ఆమె రాసింది: "మన్ను తవ్వి పూడ్చినది. పొరలు తారుమారు." గుంట గోడను కత్తితో గీకి శుభ్రం చేసేదాకా ఫారంలో అక్షరం పెట్టకూడదు. ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు ఆ మాట చెప్పేది ఆమే.

జంపయ్య గట్టు మీద నుంచి దిగి వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి.

"మేం తవ్వలే మేడమ్. నిన్న మీరు పోయినంక నేను అంగడికి పోయిన. పొద్దుగూకినంక వచ్చిన. ఎవ్వర్నన్న అడుగున్రి."

"ఇంట్లో ఇంకెవరైనా?"

"ఇంట్ల ఉండేది మా అమ్మ. ఆమె గడ్డపార పట్టి పదేండ్లాయె."

ఆదెమ్మ నీళ్ల బిందె దించి, కొడుకు పక్కన నిలబడింది. "నేను తవ్వలే. ఈడ ఎవ్వరు ఎన్నడు తవ్వలే" అంది.

ఆ మాట భానుకు తేడాగా వినిపించింది. ఆమె అడిగింది నిన్నటి సంగతి. ముసలామె జవాబు చెప్పింది ఎన్నటి సంగతో.

అప్పుడే ఫోన్ మోగింది. తండా నుంచి భాను తల్లి. పనిలో ఉన్నానని లంబాడీలో రెండు ముక్కలు చెప్పి పెట్టేసింది. తలెత్తేసరికి తల్లీకొడుకులు కోయలో ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆమె చూడగానే ఆపేశారు.

"మీది తండానా మేడమ్?" అన్నాడు జంపయ్య.

"అవ్."

"గట్లనా."

"మంచిగున్నది" అంది ఆదెమ్మ కొడుకుతోనే, కానీ తెలుగులో. "మా మన్ను కొలిచేది ఆమెనే, రాసేది ఆమెనే. ఇగ మనం గట్టు మీద కూసొని సూసుడే."

కోయలకూ తండాల వాళ్లకూ భూముల దగ్గర, కొలువుల దగ్గర పాత పేచీ ఉందని భానుకు తెలుసు. చేతిలో ఉన్న ఫారంలో ఆ రెండు వాక్యాలూ అప్పటికే ఉన్నాయి. కత్తి, నీళ్ల సీసా తీసుకుని గుంటలోకి దిగింది.

గుంట పొడవు నూట ఇరవై సెంటీమీటర్లు, లోతు ఎనభై. కూలీలు గడ్డపారతో తవ్వడం వల్ల గోడ మీద మన్ను జారి పొరల హద్దులు తెలియడం లేదు. నిన్న పూడ్చిన మన్నయితే కత్తి తగలగానే జలజలా రాలాలి. రాలలేదు. సగం ఎత్తు నుంచి కిందికి గీకుతూ, నీళ్లు చిమ్ముతూ పోయింది. పావుగంటకు గోడ రెండు రకాలుగా విడిపోయింది. పడమటి సగంలో పొరలు అడవి గుంటలో ఉన్నట్టే ఉన్నాయి: మొరం, కింద బంక. తారుమారైంది తూర్పు సగమే. అది కూడా చేద బావిలా నిట్టనిలువుగా దిగింది. వెడల్పు మోచేతి పొడవు మించదు. పైన మొరం, అడుగున ఆకుమన్ను. అడుగు ఇంకా అందలేదు.

చెలకంతా దున్నినట్టు చూపించాలనుకున్నవాడు ఇంత ఇరుకు గుంత తవ్వడు. అయితే ఇదెందుకు తవ్వారు? ఆమె అనుమానం పోలేదు, వేరే దిక్కుకు తిరిగింది.

"ఇందులో ఏదో పూడ్చారు" అంది.

బసవపున్నయ్య లేచి నిలబడ్డాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. "ముందు మీరు పైకి రండి మేడమ్. ఈ అడవిలో ఏమేం పూడుస్తారో మనకు తెలియనిదా?" ఫోన్ తీశాడు. "స్టేషన్‌కు చెప్తాను. వాళ్లొచ్చి చూసుకుంటారు."

కూలీలిద్దరూ అప్పటికే ఇప్పచెట్టు దాకా వెళ్లిపోయారు. జంపయ్య మొహం పాలిపోయింది. "సార్, సార్, పోలీసోళ్లెందుకు సార్? మా చెలకల ఏముంటది?"

"అది వాళ్లే చెప్తారులే."

"ఆగు సారూ" అంది ఆదెమ్మ. కొడుకు కోయలో ఏదో అన్నాడు. ఆమె చేత్తో ఆపింది. "పోలీసోళ్లను పిలవకు. అండ్ల ఏం లేదు. గడ్డ కోసం నేనే తవ్విన."

"ఎప్పుడు?" అంది భాను.

"గోదారొచ్చి భద్రాద్రి మునిగిన ఏడు. వీడు కడుపుల ఉన్నడు. తినెతందుకు గింజ లేదు. ఈడ అడివి గడ్డ తీగ ఉండె."

అది ఎనభై ఆరు. భాను లెక్కవేసుకుంది. "ఇందాక ఎన్నడూ తవ్వలేదన్నావు కదా అవ్వా?"

"అంటనే. అనకుంటే ఏం జేస్త?" ఆదెమ్మ గొంతు పెంచింది. "మొదటి సర్వేకి సార్లొచ్చిన్రు. మా ముసలాయన అన్నం పెట్టి కూసోబెట్టి మంచిగ చెప్పిండు. మా చిన్నప్పుడు ఈడ గడ్డలు మస్తు దొరికేటివి అన్నడు. వాళ్లు గా ఒక్క ముక్క రాసుకపోయిన్రు. గడ్డ దొరికిందంటే అడివేనట. అడివంటే పట్టా లేదట. గా కాయితం సూసి ముసలోడు నా దిక్కు సూసుడే బంద్ చేసిండు, నేను తిట్టిన తిట్లకు. సచ్చేదాంక మల్ల ఆ మాట ఎత్తలే. నేనెత్తుతనా?"

"సరే. గడ్డ తవ్వుకుంటే మన్ను తలకిందులెందుకైంది?"

ముసలామె ఆమెను ఎగాదిగా చూసింది. "తండాల పుట్టినవంటివి, గిదెరుకలేదా? గడ్డ పీకినంక తీగ మొలిచే తలకాయ మల్ల పెట్టాలె. లేకపోతే వచ్చే ఏడు తీగెట్ల వస్తది? కింద మెత్తగ ఆకుమన్ను పోస్తం, అండ్ల తలకాయ పెడ్తం, మీద మొరం కొడ్తం. మంచి మన్ను మీద పోస్తే పంది వాసన పట్టి పెకిలిస్తది. పంది తిన్నంక మేం తినేదేంది, పందినా?"

ఇప్పచెట్టు కింద కూలీల్లో ఒకడు నవ్వాడు.

"తలకాయ పక్కన వాగురాయి పెడ్తం" అంది ఆదెమ్మ. "ఈ తీగ ఒకరిదని గుర్తు. దాన్ని ఇంకొకరు ముట్టరు."

"ఇప్పుడూ ఉంటుందా?"

"రాయికి కాళ్లొస్తాయా?"

భాను గడ్డపార అడగలేదు. తాపీతో ఆకుమన్ను కొంచెం కొంచెంగా తీసింది. బసవపున్నయ్య ఫోన్ చేతిలోనే పట్టుకుని దూరం నుంచి చూస్తున్నాడు. తొంభై రెండు సెంటీమీటర్ల దగ్గర తాపీ టంగుమంది. తీసి నీళ్లతో కడిగింది. పిడికిలంత రాయి, నున్నగా ఉంది. ఆ గుంటలో మిగతా రాళ్లన్నీ మొనదేలిన కంకర రాళ్లు.

జంపయ్య మొహం తేరుకుంది. బసవపున్నయ్య ఫోన్ జేబులో పెట్టి దగ్గరికి వచ్చాడు.

"బాగానే ఉందండీ. కానీ నిన్న పెట్టినవాళ్లకు కూడా రాయి ఎక్కడుందో తెలుస్తుంది కదా?"

భానుకూ అదే తోచింది. రాయి ఆదెమ్మ మాటకు సరిపోయింది, అంతే. ఎప్పుడు పెట్టారో రాయి చెప్పదు. గుంత అడుగు ఆకుమన్నును నీళ్లలో కలిపి మీటరు ముంచితే 5.1 చూపింది. అడవి గుంటలో పై మన్నుకు వచ్చినదీ అంతే. అది అడవిలోది అని తేలింది, ఏ ఏటిదో తేలలేదు.

అప్పుడు చూసింది ఆమె. గోడను సగం ఎత్తు నుంచి కిందికి గీకిందే తప్ప పై భాగాన్ని ముట్టుకోలేదు.

టేపు కట్టి, నేల మీద కోత తర్వాత మిగిలిన కంది కొయ్యల మొదళ్ల నుంచి మొదలుపెట్టింది. పై మన్ను మెత్తగా రాలింది. ఒకే రంగు, కంకర అంతటా ఒకే తీరు. పదహారు దగ్గర కత్తి ఆగింది. పక్కకు జరిపి గుచ్చింది, అక్కడా పదహారు. నీళ్లు చిమ్మితే గోడ మీద అడ్డంగా గీత తేలింది. కింద వేలు మందాన గట్టి పొర. పడమటి సగం దాటింది గీత. తూర్పు సగానికి వచ్చింది. పూడ్చిన గుంత మూతి మీదుగా, తెగకుండా, గుంట అవతలి అంచు దాకా వెళ్లింది.

"దిగి చూడండి సార్" అంది. "పైనుంచి నిన్న తవ్వితే ఇది తెగాలి. తెగలేదు. ముందు గుంత పూడింది, తర్వాత దాని మీద నాగలి నడిచింది."

బసవపున్నయ్య దిగలేదు. "పై మన్ను పులుపెంత?"

ముంచి చూసింది. "5.9. గీత కింద 5.2."

"బూడిద చల్లితే పెరుగుతుందటగా. ఒక్క పూట పని."

"చల్లితే పైన రెండు వేళ్లకే ఉంటుంది. ఇది పదహారు దాకా అంతే. మూడు చోట్ల చూశాను."

"ఏటేట బూడిద, పెంట కొట్టినం సార్" అన్నాడు జంపయ్య. "ఎడ్లు నడిచినయి. నేను నడిచిన. ఇగ కాళ్లకు గూడ మీటర్ పెడ్తరా?"

బసవపున్నయ్య చెప్పులు విడిచి గుంటలోకి దిగాడు. భాను చేతిలోంచి కత్తి తీసుకుని గీత పొడుగునా తనే గుచ్చుతూ పోయాడు. గుంత మూతి మీద మాత్రం నాలుగుసార్లు గుచ్చాడు. మొత్తం పదకొండు. కత్తి తుడిచి ఇచ్చాడు.

ఉదయం రాసిన రెండు వాక్యాలను భాను ఒక్క గీతతో కొట్టేసింది. కొట్టేసింది కనపడేలా ఉంచి, పక్కన పొట్టి సంతకం, సమయం వేసింది. కింద కొత్తగా రాసింది. చదివి వినిపించమంది ఆదెమ్మ. భాను చదివింది.

"గడ్డ మాట రాసినవా?"

"రాసిన అవ్వా. ముందు గడ్డ, తర్వాత నాగలి అని రాసిన."

"మల్ల సదువు."

మళ్లీ చదివింది. ఆదెమ్మ కొడుకు వైపు చూసింది. అతను తలూపాక వేలిముద్ర వేసింది. సమయం మధ్యాహ్నం రెండూ ఇరవై ఐదు.

బసవపున్నయ్య కొలతల కింద సంతకం చేశాడు. "సెక్షన్ అభిప్రాయం" అని ఉన్న గడిలో ఏమీ రాయలేదు.

ఫైలు బుధవారం ఉదయం పదకొండింటికి భద్రాచలంలో అప్పీలు చూసే ఆఫీసుకు అందింది. అందులో ఉన్నవి: రెండు గుంటల కొలతలు, తొమ్మిది ఫోటోలు, సంచిలో కట్టిన వాగురాయి ఒకటి. దున్నిన పొర పదహారు సెంటీమీటర్లు. గట్టి పొరను గుచ్చి చూసిన చోట్లు పదకొండు, తెగి ఉన్న చోట్లు లేవు.