వెనక బెంచీ రివాల్వర్

అదే మరి, ఈ తేలిక రివాల్వర్ చేతిలో ఉన్నట్టే లేదు, పిచ్చుకను పట్టుకున్నట్టుంది, ఉందో లేదో తెలియని వస్తువును నమ్ముకుని మనిషి ఎట్లా కూర్చుంటాడు అనుకుంటూ ఆర్విల్ ప్రూయిట్ దాన్ని అద్దాల బల్ల మీది పచ్చగుడ్డపై పెట్టి రెండోది తీసుకున్నాడు, ఇది ఉక్కు, బరువు తెలుస్తోంది, గొట్టాలు మాత్రం రెంటికీ పొట్టివే, బొటనవేలంత, జేబులో వేసుకుంటే పొగాకు డబ్బా అనుకుంటారు తప్ప ఎవరికీ అనుమానం రాదు, మామయ్యా, ఉక్కుది జేబు చించుతుంది, వెనక తూటాని కొట్టే ఆ సుత్తి చూడు, తీసేటప్పుడు గుడ్డకి తగులుకుంటుంది, తేలికదానికి ఆ బాధ లేదు, సుత్తి లోపలే దాచేశారు అని బల్ల అవతలినుంచి లోనీ చెబుతున్నాడు, అక్క కొడుకు, వానపాములూ గాలాలూ తుపాకులూ ఒకే కప్పు కింద అమ్ముతాడు, కానీ ఒరేయ్, ఇంత తేలికది పేలితే మణికట్టు మీద గాడిద తన్నినట్టుండదూ, ఉంటుంది మరి, బరువు లేదుగా, ఆ దెబ్బంతా నీ చేతికే, తేలిగ్గానూ ఉండాలి, నొప్పీ పెట్టకూడదు అంటే ఎట్లా మామయ్యా, పెళ్ళికి ముందు నేనూ అట్లాగే అనుకున్నా, అని నవ్వాడు.

ఆర్విల్ నవ్వలేదు, ఆయన చూపు తన వేలి మీదుంది, కణుపు వాచి వేరుముడిలా తయారైంది, ఉక్కుదాని ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంది, తేలికదాన్ని నొక్కితే సగం దాకా వెళ్ళి వేలు ఆగిపోయింది, పళ్ళు బిగించి నొక్కాక గాని పలకలేదు, ఈలోపల తుపాకి పట్టుకొచ్చి వాకిట్లో నిలబడ్డవాడు ఎంత పని చేసిపోతాడు, వాకిలంటే ఇంటి వాకిలి కాదు, కొండమీది చర్చి వాకిలి, ఆదివారం అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో తలలు వంచితే వంచనివాడు ఒకడుండాలి, తలుపు పక్కన వెనక బెంచీ చివర, కోటు కింద తుపాకితో, పాస్టరు ఆర్విల్ పేరు చెప్పాడు, సంఘమంతా చేతులెత్తింది, అప్పటినుంచీ ఆయన కళ్ళు తెరుచుకునే ప్రార్థిస్తున్నాడు, దేవుడు ఏమీ అనుకోడులే అని పాస్టరే అన్నాడు, నడుముకున్న పాత రివాల్వర్ పొడుగు, బరువు, తుంటినొప్పికి అది తోడై కూర్చుంటే లేవనివ్వడం లేదు, అందుకే ఈ పొట్టివాటి కోసం రావడం, వీటికీ చెయ్యి సరిపోకపోతే ఆ బెంచీ పోతుంది, ఇంట్లో భార్య వెర్నాతో కూడా ఆ మాట అనలేదు, ఏం ఆర్విల్, ఇక జేబులోంచే ఉడతల్ని కొడతావా అని గోడవారన ఎర చేపపిల్లల తొట్టి దగ్గర వల తిప్పుతూ సంఘంలోని గ్లెండా అంది, కొట్టి నీకివ్వను గ్లెండా, నువ్వు వండితే అది రెండోసారి చస్తుంది, అన్నాడు, పోవయ్యా, చర్చి భోజనాల్లో మూడోసారి వడ్డించమన్నది ఎవరో, అంటూ ఆమె తొట్టిలోకి వంగింది.

మామయ్యా, నీ పాతది తీసి ఒకసారి నొక్కి చూడు, ఈ రెంటిలో ఏది దానికి దగ్గరో నీ వేలే చెబుతుంది అన్నాడు లోనీ, నిజమే, ఆర్విల్ కోటు కిందనుంచి దాన్ని తీశాడు, తలుపు మీద బోర్డుంది, తుపాకి తెచ్చేవాళ్ళు బండిలోనే తూటాలు తీసి రావాలని, ఆ బోర్డు పెట్టమన్నది ఆయనే, తీసే వచ్చాడు, ట్రక్కు సీట్లో కూర్చుని తూటాల చక్రం పక్కకి తెరిచి వంచితే చల్లగా గింజల్లా అరచేతిలో రాలాయి, ఆ చల్లదనం ఇంకా చేతికి తెలుస్తోంది, మూతి ఎటు, గోడవైపు, తొట్టి వెనక గోడే కదా, వేలు ట్రిగ్గర్ మీదికి వంగింది, ఆగు మామయ్యా, ముందు నేను చూస్తా, నువ్వు నేర్పిందేగా, అని లోనీ దాన్ని అందుకుని, మూతి తిప్పి, చక్రం తెరిచి వంచాడు, తూటాలు పచ్చగుడ్డ మీద రాలాయి.

రాలి, దొర్లి, ఆగాయి, చల్లగా అనుకున్నాడు కదా, చలెక్కడిది, ఇది మే నెల, ట్రక్కు అద్దాలు దించుకునే వచ్చాడు, ఆ చల్లదనం జింకల వేట రోజులది, అద్దం మీద మంచు గీకి, చేతితొడుగు విప్పి తీసిన తూటాలవి, ఇవాళ తీయలేదు, ఆ రోజు తీసింది ఇవాళ తీసినట్టు మనసు చూపించింది, తాను నమ్మాడు, తొట్టి వెనక గోడ ఉంది, గోడకీ తనకీ మధ్య గ్లెండా ఉంది, ఆమె లేచి నిలబడి చేపపిల్లల డబ్బాకి మూత బిగిస్తోంది, ఏమీ తెలియదు, లోనీ తూటాలు ఏరి కాగితం కప్పులో వేశాడు, ముఖం మారలేదు, గొంతు మాత్రం మెత్తబడింది, ఉక్కుదే నీకు బాగుంటుంది మామయ్యా, ఆ సుత్తి కొన అరగదీసి ఇస్తాలే, జేబుకి తగలదు.

రోగి మంచం పక్కన మాట్లాడే గొంతు అది, అంత ప్రేమగా ఉంది, ఆ ప్రేమలోనే ఆర్విల్‌కి మొత్తం కనబడింది, ఇక తప్పుకోమని వీడు చెప్పడు, అమ్మ తమ్ముడికి ఎట్లా చెబుతాడు, పాస్టరు చెప్పడు, ఆదివారం వెళితే ఎప్పటిలాగే చెయ్యి కలుపుతారు, బెంచీ చివర చోటు వదులుతారు, కళ్ళు మూసుకుంటారు, ఆయన మనసు నొప్పించడమంటే ఉన్నంత భయం వాళ్ళకి చావంటే కూడా లేదు, ఒరేయ్ లోనీ, ఆ రెండూ లోపల పెట్టెయ్, ఆదివారం ఆ చోట్లో నువ్వు కూర్చో, ఒక్కసారి మర్చిపోతే ఏమైంది మామయ్యా, ఎవరికీ తెలీదు కదా, తెలియదు, నిజమే, తెలియకపోబట్టే ఎవరూ లెమ్మనరు, తనని ఆ బెంచీ మీంచి లేపగలిగినవాడు ఈ కొండమీద ఒక్కడే ఉన్నాడు, వాడు తానే, ఆయన తొట్టివైపు తిరిగాడు, గ్లెండా, డబ్బా అక్కడ పెట్టి ఒకసారి ఇటు రా, ఇందాక నీవైపు తుపాకి పెట్టి నేనేం చేయబోయానో నీకు చెప్పాలి, అన్నాడు.