సమ్మె కాలపు తృప్తి పత్రం

సిరిసిల్లలో సాంచల షెడ్డులోకి అడుగుపెట్టిన మనిషి మొదట పోగొట్టుకొనేది మాటను. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. ముప్పై రెండు సాంచలు ఒకే రేకుల కప్పు కింద నడుస్తుంటే, పక్కనున్నవాడు గొంతు చించుకొన్నా పెదవుల కదలిక తప్ప మరేదీ మనకు అందదు. అందుచేత అక్కడివారందరూ పెదవులు చదవడం నేర్చుకొంటారు. పని చెప్పడం, పరాచికాలాడడం, పోట్లాడుకోవడం, అన్నీ పెదవులతోను సైగలతోను సాగిపోతాయి. మేస్త్రీ సాంబయ్య ఆ విద్యలో ఆరితేరినవాడు. షెడ్డుకు ఆ చివర నిలిచి ఇద్దరు తనను తిట్టుకొంటున్నా, ఈ చివరనుంచి పట్టేసి తిరుగు తిట్టు పంపగలడు.

అతడు పెగడపల్లి దాపున కూలి చేసుకొనే కుటుంబంలో పుట్టి, పదిహేనో ఏట సిరిసిల్ల చేరాడు. నేత కులంలో పుట్టనివాడికి మేస్త్రీ పని ఏమిటని మూతి విరిచినవారి కళ్లముందే మేస్త్రీ అయ్యాడు. పాడైన సాంచ ఏదైనా సరే, చట్రం మీద అరచేయి ఆనించి, ఏ మేకు వదులైందో చెప్పేవాడు. ఆ గర్వం అతని నడకలో కనబడేది. షెడ్డు యజమాని జలపతి సేటుకు ఆ నడక ఏనాడూ గిట్టలేదు.

రెండువేల పదకొండు ఆగస్టులో సేటుకు సాకు దొరికింది. ఏడో సాంచ నుంచి నాడె ఎగిరిపడింది. నాడె అంటే పోగును అటూ ఇటూ మోసుకుపోయే, ఇనుప మొనలున్న కొయ్యముక్క. పట్టు తప్పితే తుపాకి గుండుతో సమానం. పక్క గదిలో కండెలు చుట్టే లసుమవ్వ అప్పుడే లోపలికి వచ్చి, అది ఎగరబోతున్నదని గమనించి కేక పెట్టింది. ఆ సాంచను ఆపగల దూరంలో ఉన్న సాంబయ్య వీపు ఆమె వైపు ఉంది. అతడు కదలలేదు. నాడె లసుమవ్వ భుజానికే తగిలి నెత్తురు కారింది.

సేటు సాంచలన్నీ ఆపించి, అందరినీ పోగుచేసి అడిగాడు.

"చెవిటోని చేతిల నా షెడ్డు పెట్టి, రేపు ఎవడన్న సస్తె నేను జైలుకు పోవాల్నా?"

"నడిచే సాంచల నడుమ ఎవలికి ఇనవడ్తది సేటూ? నీకు ఇనవడ్తదా?"

"నాకు మంచిగనే ఇనవడ్తది. నీకే లేదు. చెవికి మిషన్ పెట్టుకొని అస్తె పని. లేకుంటె నీ జాగల రమణ ఉంటడు."

రమణ సేటు మేనల్లుడు. పాలిటెక్నిక్ చదువు ముగించి షెడ్డుకు వచ్చి మూడు నెలలు కాలేదు. సాంబయ్య ఆ కుర్రవాడి వైపు చూసి, నేలమీద ఉమ్మి, బయటికి నడిచాడు. యాభై తొమ్మిదేళ్ల వయసులో అతనికి ఆ షెడ్డు తప్ప మరొక పేరుగాని, హోదాగాని లేవు. అది పోతే అతడు ఉత్త సాంబిగాడు.

సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలు దాటలేదు. బొగ్గు గనుల కార్మికులు కూడా సమ్మెలో ఉండడంతో కరెంటు కరువైంది. షెడ్డులన్నీ తాళాలు వేసుకొన్నాయి. కోరుట్లలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా ఉన్న కూతురు సుజాత, ఇదే సమయమని తండ్రిని పిలిపించి, షేరు ఆటోలో జగిత్యాలకు తీసుకుపోయింది. దారి పొడవునా రాళ్లు అడ్డం పెట్టిన యువకులకు "పెద్దమనిషికి చెవుల పరీక్ష" అని చెప్పుకొంటూ పోవలసి వచ్చింది.

గడియారపు టవర్ దగ్గరి సందులో, మూతపడిన దుకాణాల పైన, చెవులు పరీక్షించి మిషన్లు అమ్మే ప్రేమ్‌సాగర్ గది ఉంది. ఇస్త్రీ నలగని చొక్కా, నవ్వు చెదరని ముఖం. సాంబయ్యకు ఆ నవ్వు చూడగానే ఒళ్లు మండింది. పరీక్షలన్నీ అయిన తరువాత, చెవి వెనుక అమరే రెండు చిన్న మిషన్లను తీగలతో కంప్యూటరుకు తగిలించి, ప్రేమ్‌సాగర్ అడిగాడు.

"ఇప్పుడు దినాం ఏం జేస్తున్నవ్ కాకా? ఎక్కువసేపు యాడ ఉంటున్నవ్?"

"యాడుంట? సమ్మె టెంటుల కూసుంటున్న."

"అక్కడ మైకు దూరముంటదా?"

"ఉంటది."

"పక్కపొంటి మనుషులు మెల్లగ మాట్లాడుతుంటరా?"

"మాట్లాడుతరు."

ప్రేమ్‌సాగర్ ఆ ప్రకారమే మిషన్లను సరిచేశాడు. సాంచల ప్రసక్తి ఎవరూ తేలేదు. అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పడం సాంబయ్య పద్ధతి. ఎదుటివాడు అడగనిది తానై చెబితే తగ్గినట్టు. సుజాత నోరు తెరవబోతే కళ్లెర్రజేశాడు.

"మొదటిసారి పెట్టుకొనేటోళ్లకు నెల రోజుల పరీక్ష కాకా. తర్వాత తృప్తి పత్రం నింపియ్యాలె. నచ్చకపోతే వాపసు తీసుకుంట. సంతకం అయినంక మాత్రం నన్ను అడుగద్దు."

ఆ నెల రోజులు సాంబయ్య జీవితంలో ఎన్నడూ లేనివి. సిరిసిల్ల అంత నిశ్శబ్దంగా ఉండగా అతడు ఏనాడూ చూడలేదు. ఆ నిశ్శబ్దంలో ఇంట్లో చాయ పొంగడం వినబడింది. భార్య ఎల్లవ్వ చీపురు నేలను గీరడం వినబడింది. ఆమె గొంతు తాననుకొన్న దానికన్నా సన్నగా ఉందని తెలిసింది. ఇక తన గొంతు ఎంత పెద్దదో విని అతడే ఉలిక్కిపడ్డాడు.

"ఇన్నేండ్లు గిట్లనే అరిచినవ్," అంది ఎల్లవ్వ. "ఇనవడక అరుస్తున్నవో, కోపానికి అరుస్తున్నవో నాకు తెల్వకపాయె."

"కోపానికే," అన్నాడు సాంబయ్య.

టెంటులో అతని పక్కన కూర్చొనేవాడు హన్మండ్లు. అదే షెడ్డులో ఇరవై ఏళ్లుగా సాంచలు నడిపినవాడు. ఉపన్యాసం ముగియగానే అందరికన్నా ముందు చప్పట్లు కొట్టి, సాంబయ్యను మోచేత్తో పొడిచి అడిగేవాడు.

"ఏమన్నడు?"

"నిన్న అన్నదే అన్నడు."

"మొన్న?"

"మొన్న గూడ అదే. నాకు ఇనవడలేదు గాబట్టి కొత్తగ ఉండె."

ఉపన్యాసకుల మీద సాంబయ్యకున్న గౌరవం సగానికి సగం పడిపోయింది. మిషన్ మీద మాత్రం గురి కుదిరింది. ముప్పయ్యో రోజున ప్రేమ్‌సాగర్ గదిలో తృప్తి పత్రం నింపేటప్పుడు అతడు వెనుకాడలేదు. పది ప్రశ్నలున్నాయి. ఇంట్లో మాటలు వినబడుతున్నాయా? బాగా. నలుగురిలో? బాగా. రోడ్డు మీద వాహనాల చప్పుడు ఇబ్బంది పెడుతోందా? లేదు, నెల రోజులుగా రోడ్డు మీద వాహనమే లేదు. పనిచేసే చోట? సాంబయ్య కలం ఒక్క క్షణం ఆగింది. నెల రోజులుగా తాను పనిచేస్తున్న చోటు టెంటే కదా అని, అక్కడా "బాగా" అని రాసి, అడుగున పొడి అక్షరాలతో సంతకం చేశాడు. ప్రేమ్‌సాగర్ అతణ్ణి గోడకు నిలబెట్టి ఫోటో కూడా తీసుకొన్నాడు.

వారం తిరగకుండానే సమ్మె ముగిసింది. షెడ్డు తెరిచిననాడు సాంబయ్య ఉతికిన చొక్కా తొడుక్కొని, రెండు చెవులకూ మిషన్లు పెట్టుకొని, గుమ్మంలో కుర్చీ వేసుకొని కూర్చొన్న సేటు ముందు ఒక్క క్షణం ఆగి, అటూ ఇటూ తల తిప్పి చూపించి, లోపలికి నడిచాడు.

కరెంటు వచ్చింది. మొదటి సాంచ కదలగానే అతని తలలో ఏదో పగిలినట్టయింది. నాలుగోది కదిలేసరికి పళ్లు జివ్వుమన్నాయి. ముప్పై రెండూ నడిచే వేళకు, రేకుల కప్పు ఊడివచ్చి పుర్రె లోపల పడి కొట్టుకొంటున్నట్టుంది. ఎదుటివాడి పెదవులు కదులుతున్నాయి గాని, ఆ మోతలో అతని కళ్లు కూడా పని మానేశాయి. చేయి చట్రం మీద ఆనించినా ఏదీ తెలియలేదు. నలభై ఏళ్లు నమ్ముకొన్న చేయి అది. మధ్యాహ్నం వరకు పళ్లు బిగబట్టి, గోడవారకు పోయి వాంతి చేసుకొని, మిషన్లు తీసి జేబులో వేసుకొన్నాడు. తలెత్తేసరికి సేటు ఎదురుగా ఉన్నాడు.

"మిషన్ ఏది?" అన్నాయి సేటు పెదవులు.

"తలకాయ పలుగుతున్నది."

"ఎల్లుండి నుంచి మిషన్ తోని పనిచేస్తె చెయ్యి. లేకుంటె రమణకు తాళపుచెవులిచ్చి పో."

మరునాడే సాంబయ్య జగిత్యాలలో ఉన్నాడు. మెట్లెక్కి గదిలోకి వస్తూనే మిషన్లను ప్రేమ్‌సాగర్ బల్ల మీద విసిరాడు.

"దొంగ సరుకు అంటగట్టినవ్!"

ప్రేమ్‌సాగర్ సొరుగు లాగి తృప్తి పత్రం తీశాడు. "గీ సంతకం ఎవరిది? పనిచేసే చోట బాగ ఇనవడుతున్నదని ఎవరు రాసిండ్రు?"

"నేనే రాసిన. అప్పుడు బాగనే ఉండె. ఇప్పుడు సాంచలు నడుస్తున్నయి."

"సాంచలా?" అతని ముఖాన మొట్టమొదటిసారిగా నవ్వు చెదిరింది. "నువ్వు సాంచల కాడ పనిచేస్తవా? నాకెందుకు చెప్పకపోతివి?"

"నువ్వెందుకు అడుగకపోతివి?"

"దినాం ఏం జేస్తవని అడిగిన గద!"

"ఇప్పుడు ఏం జేస్తున్నవన్నవ్. టెంటుల కూసుంటున్నన్న. అబద్ధమాడిన్నా?"

ఇద్దరూ ఒకరినొకరు మింగేసేట్టు చూసుకొన్నారు. చివరకు ప్రేమ్‌సాగర్ కుర్చీలో వెనక్కు వాలి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు.

"కాకా, ఎంత సరిచేసినా గీ మిషన్ షెడ్డుల పనికిరాదు. మీ ఇంట్ల పెట్టుకో, మందిల పెట్టుకో. షెడ్డుల చెవులు మూసుకోవాలె, తెరవొద్దు. మిగిలినంత గూడ పోతది. మిషన్ తోనే పనిచెయ్యిమన్నోడెవడు?"

"మా సేటు. తనకు మంచిగనే ఇనవడ్తదంటడు."

"ఎన్నేండ్లాయె ఆయన షెడ్డుల వడి?"

"నాకన్న రెండేండ్లు ముందు."

ప్రేమ్‌సాగర్ ఫక్కున నవ్వాడు. ఈసారి అది వ్యాపారపు నవ్వు కాదు. "అయితే ఒక్కసారి తోలుకరా. పైస తీస్కోకుంట పరీక్ష చేస్త."

తిరుగు దారిలో సాంబయ్య ఆ నవ్వునే నెమరువేశాడు.

గడువు రోజున ఉదయం పదింటికి కరెంటు పోయింది. సమ్మె ముగిసినా కోతలు ముగియలేదు. సాంచలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పనివారు ఎక్కడివారక్కడే చతికిలబడ్డారు. సేటు షెడ్డు వైపు వీపు తిప్పి, గుమ్మం వెలుతురులో గుడ్డను పట్టి మరకలు వెతుకుతున్నాడు. సాంబయ్య జేబులోంచి మిషన్లు తీసి చెవులకు పెట్టుకొని, అతనికి పది అడుగుల వెనుక నిలబడ్డాడు.

"సేటూ," అన్నాడు మామూలు గొంతుతో.

సేటు గుడ్డ తిప్పాడు.

"సేటూ!"

లసుమవ్వ తల తిప్పింది. రమణ తల తిప్పాడు. సేటు తిప్పలేదు.

"జలపతీ!"

ఆ షెడ్డులో పనివాడెవడూ యజమానిని అలా పిలిచి ఎరుగడు. రమణ ముఖం పాలిపోయింది. సేటు గోటితో ఒక మరకను గీకుతున్నాడు.

"నీ అల్లునికి నా పని ఇయ్యనీకి నా చెవులు సాకయినయారా, సిగ్గులేనోడా?"

లసుమవ్వ కొంగు నోట్లో కుక్కుకొంది. రమణ పరుగున పోయి మేనమామ భుజం తట్టాడు. సేటు గిరుక్కున తిరిగాడు. తిరగగానే అతని చూపు సాంబయ్య కళ్ల మీద కాదు, పెదవుల మీద వాలింది. సాంబయ్య భుజం మీది తువాలు తీసి ముక్కు కింది నుంచి మూతికి చుట్టుకొన్నాడు.

"ఇప్పుడు చెప్పు. నా పని నాకున్నదా, లేదా?"

"తువాల తియ్యి," అన్నాడు సేటు.

"ఎందుకు తియ్యాలె? నీకు మంచిగనే ఇనవడ్తదంటివి గద."

"తువాల తియ్యిమన్ననా లేదా!" సేటు అరిచాడు. అతని మెడ నరాలు ఉబ్బాయి. అడిగింది ఏమిటో అతనికి తెలియదని అందరికీ తెలిసిపోయింది.

నలభై ఏళ్ల కసి తీర్చుకొని, నవ్వులు వినాలని సాంబయ్య పనివారి వైపు తిరిగాడు. నవ్వుతున్నది లసుమవ్వ ఒక్కతే. ఆమె కండెల గదికి వచ్చి రెండేళ్లు కూడా కాలేదు. తక్కినవారు, పది పదిహేను మంది, మెడలు సాచి అతని తువాలును చూస్తున్నారు. హన్మండ్లు చేయి తిప్పి సైగ చేశాడు: ఏమన్నవ్? వాడి వెనుకవాడు వాడిని పొడిచి అదే సైగ చేశాడు. టెంటులో నెల రోజులు "ఏమన్నడు" అని అడిగినవాణ్ణి బుర్ర తక్కువవాడనుకొన్నాడు సాంబయ్య. వీరిలో ఒక్కరి చెవులూ సరిగా లేవు. ఇన్నాళ్లూ పెదవులు చదువుకొంటూ, ఎవరికి వారు తమకేమీ కాలేదనుకొన్నారు.

అతడు తువాలు తీసి, అందరూ చదువుకొనేట్టు నిదానంగా అన్నాడు.

"నా పని నాకున్నదా, లేదా?"

సేటు ఆ పెదవులను చదివాడు.

"ఉన్నది. మిషన్ లేకుంటనే చెయ్యి. గని గీ ముచ్చట షెడ్డు దాటితె బొక్కలిరుగగొడ్త."

"దాటుతది. జగిత్యాల సారును తోలుకస్త. గీళ్లందరి చెవులు సూడాలె. ముందుగాల నీయి."

"వాడు నా గడపల కాలు పెడితె..."

కరెంటు వచ్చింది. ముప్పై రెండు సాంచలు ఒక్కసారిగా అందుకొన్నాయి. సాంబయ్య సేటు కళ్లముందే మిషన్లు తీసి జేబులో వేసుకొని, చూపుడు వేళ్లు రెండూ చెవుల్లో పెట్టుకొని చూపించాడు: రేపటినుంచి ఇట్లా, అందరూ. సేటు పెదవులు తాతముత్తాతలనాటి తిట్టొకటి తిట్టాయి. సాంబయ్య పెదవులు దానికి తగ్గ జవాబు చెప్పాయి. సేటు మరొకటి అన్నాడు. పనివారందరూ సాంచల మీద చేతులాపి, ఒక్క మాటా వదలకుండా చదువుకొంటున్నారు. ఆ చదువు ఇంకా అబ్బని రమణ మాత్రం, వారిద్దరి ముఖాలనూ మార్చి మార్చి చూస్తూ, ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాడు.