ఉప్పుమళ్ళ ఊరు

బట్టకు కంట్రోలు వచ్చి గుడ్డ దొరకని రోజులు. విజయనగరంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసే గణపతిరావు, ఆఫీసులో పనికిరావని తీసేసిన, ప్లానులు గీసే ట్రేసింగు గుడ్డలు ఇంటికి తెచ్చేవాడు. తల్లి మరిడమ్మ వాటిని వేడినీళ్ళలో నానబెట్టి గంజి వదలగొడితే, పల్చని మేలురకం గుడ్డ బయటపడేది. మనవరాలు నీలవేణి గౌనులన్నీ అవే.

మరిడమ్మకు చదువు రాదు. పనికొచ్చే ప్లానుల నిండా అక్షరాలుంటాయని మాత్రం తెలుసు. అందుకే అటక మీద ఒక్క అక్షరమూ లేని గుడ్డ కనిపించగానే నీళ్ళలో వేసేసింది. గౌను కుట్టింది. మెడ దగ్గర తీసిన ముక్కను కూడా పారెయ్యక దీపానికి వత్తి చేసింది.

తీరా చూస్తే అది ఎక్కడా లేని ఒక నగరం బొమ్మ. సెలవు దొరికినప్పుడల్లా కొడుకు గీసుకున్నది, వచ్చే ఆదివారం బొమ్మల ప్రదర్శనలో పెట్టాల్సినది. తన చేతిపని పదిమందీ చూడటం అతనికి అదే మొదలు.

సంగతి తెలిశాక గణపతిరావు కోప్పడలేదు. “పోనీలే అమ్మా,” అని పీట మీద కూలబడ్డాడు. తిట్టినా బాగుండేదనుకుంది మరిడమ్మ.

గౌను తీసి వెలుతురుకు పట్టింది. సిరా పూర్తిగా పోలేదు. సన్నగా, చదరాలు చదరాలుగా గీతలు. ఉప్పు పండించే నౌపడలో పుట్టి గట్ల మీద పరుగులు తీసిన మనిషికి ఆ చదరాలు కొత్తా?

“ఒరే గణపతీ, ఇవి మన ఉప్పుమళ్ళు కాదేటిరా?”

“అవునే. మళ్ళన్నీ ఇళ్ళు. కాలవలు వీధులు.”

“అయితే సముద్రం నీరు ఇటుమీంచి వస్తాది. పెద్దవీధి ఇదే గదా.”

సరిగ్గా అదే. మడికో మేడ, గట్టుకో మెట్ల వరస. తన కడుపున పుట్టినవాడి చేతిలో ఇంత ఊరుందా అని ఆమె మురిసిపోయింది.

వెంటనే కుట్లు విప్పింది. నీరు పారే దారిని బట్టి ముక్కలు పేర్చి, అతికి కుట్టి, చిక్కటి గంజి పెట్టి, నిప్పులు పోసిన చెంబుతో ఇస్త్రీ చేసింది. గుడ్డ మళ్ళీ ఫెళఫెళలాడింది. గణపతిరావు పాత గీతల మీదే కలం నడిపాడు. కుట్టు పడ్డ చోటల్లా వంతెన కట్టాడు.

నడిమధ్య మెడ కంత మిగిలిపోయింది. అక్కడుండాల్సిన కోట దీపంలో కాలిపోయింది మరి.

“గుడ్డముక్క అతకమంతావేటి?” అంది మరిడమ్మ బెరుగ్గా.

అతను వద్దన్నాడు. కంత చుట్టూ అరుగులు గీశాడు, అరుగుల నిండా జనాన్ని గీశాడు, అందరి మొహాలూ అటే తిప్పాడు.

ఆదివారం ఆ బొమ్మను తాడుకు వేలాడదీశారు. దాని దగ్గరే గుంపు. ఒక పెద్దాయన అడగనే అడిగాడు. “ఊరు మా గొప్పగున్నాది బాబూ. ఈ జనమంతా దేన్ని సూస్తన్నారు?”

గణపతిరావు తల్లివైపు చూశాడు. మరిడమ్మ చంకలోని పిల్లతో గుడ్డ వెనక్కి వెళ్ళింది. నీలవేణి కంతలోంచి తల బయటపెట్టి, ఊరందరికీ నవ్వు చూపించింది.