పచ్చజొన్న మొలవలేదు

మూడో ట్రే కూడా అంతే. తడి కాగితం మీద వరసగా పేర్చిన జొన్నగింజలు ఉబ్బి, మెత్తబడి, బూజు పట్టి ఉన్నాయి. నవనీత ఒక గింజను పట్టకారుతో నొక్కింది. పిండి బయటికి వచ్చింది గానీ మొలక జాడ లేదు.

"ఒక్కటి గూడ లేవలేదక్కా," అన్నాడు ప్రణీత్, ల్యాబ్‌లో ఆమె పక్క బల్ల మీద పనిచేసే జూనియర్. "నీళ్లు మాత్రం నేను టైంకే కొట్టిన."

అడగకముందే ఈ సంజాయిషీ దేనికి? నవనీత అతని మొహంలోకి చూసింది. జర్మనీలో ఒక సెమిస్టర్ చదివి ఆమె వారం కిందటే తిరిగి వచ్చింది. నెలాఖరుకి కమిటీ ముందు ఈ మొలకలు చూపిస్తేనే జనవరిలో రెండో సెమిస్టర్‌కి పంపుతారు. ఆమె ఆగిపోతే ఆ సీటు ప్రణీత్‌దే.

కానీ పక్క ట్రేలో డిపార్ట్‌మెంట్ స్టోరు నుంచి తెచ్చిన మామూలు జొన్న సూదుల్లా లేచి ఉంది. అదే కాగితం, అవే నీళ్లు. నీళ్లలో ఎవరైనా ఏదైనా కలిపి ఉంటే అదీ చచ్చేది. అంటే తన గింజ ఈ గదికి వచ్చేసరికే చచ్చింది. అంతకుముందు అది ఉన్నది ఒకే చోట, తార్నాకలో తన ఇంట్లో, ఫ్రిజ్ అడుగు అరలో.

"మీరు నన్ను అనుమానిస్తున్రా అక్కా?"

"ఇంతసేపు అనుమానించిన. ఇప్పుడు లేదు," అంది నవనీత, బ్యాగు భుజానికి తగిలించుకుంటూ.

ఆ గింజలు ఆమెవి కావు. తల్లి సోమమ్మతో కలిసి తమ ఊరి ఆడవాళ్ల దగ్గర గడపగడపకూ తిరిగి అడిగి తెచ్చినవి. మల్లవ్వ ఇచ్చిన పచ్చజొన్న, ఎర్రజొన్న, పొట్టి తెల్లజొన్న, దుకాణంలో దొరకనివన్నీ. ఒక్కో రకాన్నీ ఒక్కో గుడ్డమూటలో కట్టి పెట్టింది. విత్తనాన్ని దేశం దాటించడం కుదరదు కాబట్టి, పరీక్ష చేసే పద్ధతి అక్కడ నేర్చుకుని వచ్చి ఇక్కడ చేయాలనుకుంది. డిపార్ట్‌మెంట్‌లో చల్లగది పాడవడంతో మూటలు ఇంటికి తెచ్చి పెట్టి విమానం ఎక్కింది.

క్యాంపస్ గేటు దాటుతూ భర్తకు ఫోన్ చేసింది.

"గింజలు మొలవట్లేదండీ."

"అయ్యో. ఎండాకాలం కరెంటు తెగ పోయిందిగా, ఫ్రిజ్ ఆగిపోయుంటుంది. పోన్లే, బాధపడకు. ఇంటికి రా."

ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుండగానే అత్తగారు వెంకటరమణమ్మ ఎదురొచ్చింది. "ఆ జొన్నలు నేనే వేయించానమ్మా. పురుగు పడుతుందేమోనని దోరగా వేయించి మళ్లీ మూటల్లో పోశాను. నాకేం తెలుసు, అవి నాటే గింజలని."

నవనీత చేతిలో చెప్పు అలాగే ఉండిపోయింది. ఆవిడతో తను ఇంకా ఒక్క మాట కూడా అనలేదు.

అత్తగారు అబద్ధమాడుతోందని చెప్పడానికి లేదు. రవ్వ తెచ్చినా, పెసరపప్పు తెచ్చినా బాణలిలో వేయించకుండా డబ్బాలో పోయదు. తొలి ఏకాదశికి జొన్నలు పేల్చి పేలాలపిండి కొట్టి ఉంటుంది కూడా. అయినా ఏదో కుదరడం లేదు. వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో ఏదీ కుదరడం లేదు. ఎయిర్‌పోర్టుకి మల్లెపూలు పట్టుకొచ్చిన మనిషి, దారిలోనే "వంటమనిషిని మాన్పించేశాను, నువ్వొస్తున్నావుగా" అన్నాడు. పెట్టె తెరవకముందే ఆమె వంటింట్లో నిలబడి చారు పెట్టింది. ఉతకాల్సిన దుప్పట్లు బాల్కనీలో ఆమె కోసం ఎదురుచూస్తూ ఉన్నాయి. "మీ ఆవిడ ఫారిన్లో, నువ్వు అంట్లు తోముతూనా అని ఆఫీసులో ఒకటే నవ్వు" అని అతనే నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు కళ్లదాకా పోలేదు. జనవరి సంగతి ఎత్తినప్పుడల్లా "ముందు ఆ మొలకలు రానీ, చూద్దాం" అనేవాడు. జూలైలో వీడియో కాల్‌లో ఒకసారి అడిగాడు, "ఆ మూటల్లాంటివి ఇంకెక్కడైనా దాచావా?" అని. తన పని మీద అంత శ్రద్ధా అని ఆ రోజు ఆమెకు గుండె నిండిపోయింది.

నవనీత ఫ్రిజ్ అడుగు అర తెరిచి, పచ్చజొన్న మూట తీసి పళ్లెంలో కుమ్మరించింది. మాడిన వాసన లేదు. ఏ గింజ మీదా బాణలి మచ్చ లేదు. ఒక రకంలో ఇంకో రకం కలవలేదు. గింజల మధ్యలో మాత్రం తెల్లగా విచ్చుకున్న పేలం ఒకటి. తర్వాతి మూటలోనూ రెండు ఉన్నాయి. బాణలిలో పేలి ఉంటే అత్తగారు ఏరి నోట్లో వేసుకునేది. ఇవి కట్టిన మూటలో, కట్టినట్టే ఉండి, లోపల్లోపలే పేలాయి.

ఆమె మూటలు పక్కకు జరిపింది. తర్వాత గ్లాసులో నీళ్లు పోసి, మైక్రోవేవ్‌లో పెట్టి, మీట నొక్కింది.

డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్న వెంకటరమణమ్మ ఆ గుర్రుమనే చప్పుడు వినగానే, ఎప్పట్లాగే ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయింది. రెండేళ్ల కిందట పేస్‌మేకర్ పెట్టిన దగ్గర్నుంచీ ఆవిడ ఆ పెట్టె దగ్గరికి రాదు. అది ఆగేదాకా గదిలోనే ఉండదు.

చప్పుడు ఆగింది. బాల్కనీ గుమ్మంలో అత్తగారు తిరిగి నిలబడింది. పళ్లెం వంకా, నవనీత వంకా చూసింది. కొంగు బొడ్లో దోపుకుంది.

సాయంత్రం భర్త వచ్చేసరికి నవనీత ఫోన్ టేబుల్ మీద పెట్టి, స్పీకర్ నొక్కి, తల్లితో మాట్లాడుతోంది.

"అన్ని పోయినయానే?" అడిగింది సోమమ్మ. "మల్లవ్వ పచ్చజొన్న గూడనా?"

"అన్ని పోయినయమ్మా. మళ్ల అడగాలె."

"అడుగుదాం. నువ్వు రా. గని ఉత్తగ అడిగితే ఇయ్యరు, ఎరికే గద."

ఎరుకే. తమ ఊళ్లో విత్తనం పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ అడగాలంటే వాకిట్లో నిలబడాలి. అది ఎట్లా పోయిందో, ఎవరి చేతిలో పోయిందో ముందు చెప్పాలి. ఎలుక తింటే ఎలుక, వాన తడిపితే వాన. ఆ సంగతి దాచినవాళ్లకు గింజ పెట్టరు.

అతను టై వదులు చేసుకుంటూ గొంతు తగ్గించి అన్నాడు, "ఫ్రిజ్ పాడైందని చెప్పు. లేకపోతే అమ్మ పొరపాటున వేయించిందని చెప్పు. పెద్దావిడ, ఎవరూ ఏమనరు." తల్లి వైపు తిరిగాడు. "చెప్పమ్మా, నువ్వే చెప్పు."

వెంకటరమణమ్మ కుర్చీలోంచి లేవలేదు. "మూట విప్పకుండా వేయించడం నాకు చేతకాదురా. ఆ పెట్టె దగ్గరికి పోతే గుండె ఆగుతుందని చెప్పిందీ నువ్వేగా."

అతను తల్లిని చూసి, భార్యను చూసి, పళ్లెంలో తెల్లటి పేలాలను చూశాడు. "అది కాదు నీతా. నాలుగు నెలలే అనుకున్నాను. మళ్లీ వెళ్తానంటే... మనకంటూ ఒక ఇల్లుంది కదా. నేనేం పరాయివాణ్ణి కాదు కదా."

"ఎవలి చేతిల పోయింది బిడ్డా?" ఫోన్‌లోంచి సోమమ్మ అడిగింది.

"ఇంటాయన చేతిల అమ్మా."

సోమమ్మ నలభై ఏళ్ల కాపురంలో మొగుడి పేరు ఒక్కసారీ పలకలేదు. రేషన్ దుకాణంలో డీలర్ అడిగితే, చిన్న నవనీతను ముందుకు తోసి "నువ్వు చెప్పు" అనేది. నవనీత మాత్రం క్యాంపస్‌లో అతను తన సీనియర్‌గా ఉన్నన్నాళ్లూ అతన్ని పేరు పెట్టే పిలిచింది. పెళ్లయ్యాక "పదిమందిలో బాగోదమ్మా" అని అత్తగారు అంటే, "అవును నీతా" అని అతనూ అంటే, మానేసింది. ఏవండీ అయ్యాడు, ఆయన అయ్యాడు. ఆ పేరు ఆమె నోట్లోంచి ఎప్పుడు పోయిందో ఆమెకే గుర్తులేదు.

"ఇంటాయన అంటే ఇంటికొకడుంటడు," అంది సోమమ్మ మెల్లగా. "రేపు మల్లవ్వ వాకిట్ల నిలబడి ఏమంటవ్? పేరు చెప్పాలె బిడ్డా."

"నీతా, ప్లీజ్," అన్నాడు అతను.

నవనీత ఫోన్ దగ్గరికి వంగింది. చెబుతున్నది తల్లికే అయినా కళ్లు అతని మీదే ఉన్నాయి.

"ఉమాపతి," అంది.