రెండు భాషల్లో ఒకే తూటా

మా అన్నని కాల్చింది ఇన్‌స్పెక్టరే. నేను కళ్ళారా చూశాను. పని జరిగేటప్పుడు మగ్గాల షెడ్డుకి బయట తాళం వేయొద్దని మిల్లు గేటు ముందు కూర్చున్నాం. పైవీధివాళ్ళూ మాతోనే కూర్చున్నారు. వాళ్ళ భాష వేరు, మాది వేరు. తాళం మాత్రం ఇద్దరికీ ఒకటే. తుపాకీ పేలగానే రెండు వీధులవాళ్ళూ పరిగెత్తారు; ఎవరు కాల్చారో చాలామంది చూడనేలేదు.

శవాన్ని ఇంటికి తెచ్చామో లేదో, మా కిందవీధికి పోలీసుల మైకుబండి వచ్చింది.

"పైవీధివాళ్ళు కాల్చి చంపారు. దేశభద్రత దృష్ట్యా ప్రజలు అప్రమత్తంగా ఉండాలి!"

మావాళ్ళు ఇనుపకడ్డీలు అందుకున్నారు.

"కాల్చింది ఇన్‌స్పెక్టరురా!" అని గొంతు చించుకున్నాను.

"అన్న పోయాడని వీడికి మతి పోయింది" అన్నాడు మా వీధి ఫిట్టరు.

శవం పక్కనుంచి వదిన లేచింది. ఆమె పుట్టిల్లు పైవీధే.

"చంపడానికి తొందరేముంది? ముందు నాతో రండి. ఆ బండి అక్కడ ఏం కూస్తుందో విందురుగాని."

సందు మలుపులో నిలబడ్డాం. అదే బండి, వాళ్ళ భాష. వదిన మాటమాటా మాకు చెప్పింది: "కిందవీధివాళ్ళు మీ కొంపలు తగలబెట్టడానికి వస్తున్నారు, కాచుకోండి."

ఎదురుగా ఆడవాళ్ళు గుమ్మాల్లో రాళ్ళు పోగేస్తున్నారు. ఫిట్టరు చేతిలోని కడ్డీ కింద పడేశాడు. వదిన చెదిరిన జుట్టుతోనే వాళ్ళ మధ్యకి నడిచింది. ఏం చెప్పిందో మాకు అర్థం కాలేదు. కాసేపటికి వాళ్ళ ముసలి మేస్త్రీ మా ఇంటికి వచ్చి అన్న పాడె కొమ్ము భుజానికెత్తుకున్నాడు.

మర్నాడు మిల్లు ఆవరణలో శాంతిసభ. పెద్దాఫీసరు పక్కనే ఇన్‌స్పెక్టరు.

"భిన్న భాషలు మన దేశానికి అందం. అపోహలు మరిచిపోయి చేతులు కలపండి" అన్నాడు ఆఫీసరు.

వదిన వేదికెక్కి మైకు లాక్కుంది.

"మా చేతులు నిన్ననే పాడె కింద కలిశాయి సారూ. నా మొగుణ్ణి చంపిన చెయ్యి ఇదిగో!"

ఇన్‌స్పెక్టరు వైపు వేలు చూపించి అదే మాట రెండో భాషలోనూ అంది. మైకు ఆగిపోయింది. ముసలి మేస్త్రీ లేచి, వచ్చీరాని మా భాషలో అరిచాడు: "నేను చూశా! వీడే కాల్చా!"

ఎవరూ నవ్వలేదు. వరసలకి వరసలు లేచాయి.

"దేశద్రోహం" అంటూ పోలీసులు వదినని ఈడ్చుకెళ్ళి వ్యానులో పడేశారు. మేం చక్రాల ముందు పడుకున్నాం. ఫిట్టరు నా పక్కనే, పైవీధి ఆడవాళ్ళు అతని పక్కన.

వ్యాను కిటికీ జాలీ పట్టుకుని వదిన రెండు భాషల్లోనూ కేకేసింది: "వాణ్ణి వదలొద్దు!"

రెండు వీధులూ ఒక్కసారిగా ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాయి. వాడు తుపాకీ తీశాడు. ఈసారి ఎవరూ పరిగెత్తలేదు.