నా మర విప్పేంతసేపు

నేను ఒక మరచెంబును. ఇత్తడి ఒళ్ళు, బొద్దు నడుము, మెడ దగ్గర బిగించే మర మూత. బుడితి అనే ఊళ్ళో ఒక కంచరి నన్ను పోతపోసి, మర చుట్లు మాత్రం అవసరానికి మించి పెట్టాడు. "రైల్లో దొర్లినా చుక్క కారదు" అని గొప్పలు పోయాడు. ఆ చుట్లు ఏ దేశాల రాజధానుల్లో అక్కరకొస్తాయో పాపం అతనికేం తెలుసు?

కోరాడ వైకుంఠరావుగారు విదేశాంగ శాఖలో ఉద్యోగానికి బయల్దేరుతుంటే వాళ్ళమ్మ నన్ను చేతికిచ్చింది. "పరాయి నీళ్ళు పడవురా. కాచి చల్లార్చి ఇందులో పోసుకో" అంది. రాయబారి అయ్యాక కూడా ఆయన ఆ మాట దాటలేదు. ఎక్కడికెళ్ళినా భద్రతావాళ్ళు నన్ను అనుమానంగా చూసి, నా మూత విప్పలేక చెమటలు కక్కేవారు.

ఆయన పనితనమంతా నా మెడలోనే ఉండేది. అవతలివాడు బల్ల గుద్ది "ఇప్పుడే తేల్చండి" అంటే, ఆయన నన్ను దగ్గరకు లాక్కుని తీరిగ్గా మర విప్పేవారు. రెండు గుక్కలు ఎత్తి పోసుకుని, మళ్ళీ అంతే తీరిగ్గా బిగించేవారు. ఈలోగా గుద్దినవాడి కోపం దిగిపోయేది. సరిహద్దులో తుపాకులు ఒకసారి అలాగే ఆగాయి. పత్రికలు ఆయన చాతుర్యాన్ని పొగిడాయి. సొమ్మొకడిది సోకొకడిది అని నేను నవ్వుకున్నాను.

ఆయన చేసిన చివరి పని మన జాలర్లది. గాలివానకు పడవ కొట్టుకుపోయి ఏడుగురు పొరుగుదేశం జైల్లో పడ్డారు. దొంగతనానికి చొరబడ్డారని ఒప్పుకుంటే వదిలేస్తామన్నారు అక్కడివాళ్ళు. ఒప్పుకుంటే పడవ పోతుంది, వేటకెళ్ళే అనుమతి పోతుంది, ఊళ్ళో తలెత్తుకోవడం కష్టం. 'దారి తప్పారు' అని రాయాల్సిందేనని వైకుంఠరావుగారు పట్టుబట్టారు. ఆ ఒక్క మాట కోసం వానాకాలమంతా నా మర విప్పుతూ బిగిస్తూనే ఉన్నారు. చివరికి మాట గెలిచింది. కానీ సంతకాలకు కొద్ది రోజుల ముందే సూరాడ ఎర్రయ్య అనే జాలరి జైల్లో జ్వరంతో పోయాడు.

మిగిలిన ఆరుగురూ పడవతో సహా ఒడ్డు చేరారు. ఢిల్లీలో సన్మానానికి శాలువాలు సిద్ధమయ్యాయి. ఆయన రాజీనామా చేశారు. "మాట దక్కింది, మనిషి దక్కలేదండీ" అని మంత్రిగారితో అన్నారు. కొన్ని పత్రికలు మహానుభావుడన్నాయి, కొన్ని నాన్చుడు మనిషన్నాయి. రెండూ నిజమే. అయినా నాకు ఆయనంటే ప్రాణం. చప్పట్లు కొడుతున్న చోట నిలబడి తన తప్పు తానే చెప్పుకున్నవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

తర్వాత నన్ను సంచిలో వేసుకుని ఎర్రయ్య ఊరు వెళ్ళారు. ఎర్రయ్య భార్య నూకమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆయన ఎవరో ఆమెకు ముందే తెలుసు.

"ఆలస్యం నాదేనమ్మా" అన్నారాయన.

"మావోడు దొంగ కాదని రాయించినావంట గదా బాబూ?" అంది ఆమె.

"రాయించానమ్మా."

"ఆ సంగతి ఆడికి తెలిసిందేటి?"

ఇంత గడ్డు ప్రశ్న ఆయన్ను ఏ దేశమూ అడగలేదు. ఇప్పుడు నన్ను బయటికి తీస్తారనుకున్నాను. ఆయన చెయ్యి సంచి వైపు రాలేదు.

"లేదమ్మా" అన్నారు.

నూకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "అయితే ఈదిలోకొచ్చి సెప్పు. ఈళ్ళందరూ ఆణ్ని దొంగన్నారు. అందరికీ ఇనబడీలాగ సెప్పు."

ఏ సభలోనూ గొంతు పెంచని మనిషి, వలలు ఆరబెట్టిన వీధి మధ్యకు వెళ్ళి నిలబడ్డారు. "ఎర్రయ్య దొంగ కాదు, దారి తప్పాడు" అని గట్టిగా అరిచారు. ఇళ్ళల్లోంచి మనుషులు ఒక్కొక్కరే బయటికొచ్చారు.

"మల్లా సెప్పు బాబూ" అంది నూకమ్మ.

ఆయన మళ్ళీ చెప్పారు.